చాలన్న తర్వాత పడిన దెబ్బ

యావ్ అప్రాకు మంచివాడని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. చెడ్డవాడన్నా అంతే మండుతుంది. కుమాసీలో సువామె మ్యాగజైన్ అంటే బళ్ళు విప్పి బిగించే పేట. ఆ పేటలో అతని కొలిమికి ఎదురుగా, దుంపలు దంచి ముద్దలు చేసి అమ్మే నా ఫుఫు కొట్టు. అతని సుత్తి, నా రోకలి ఒకదానికొకటి వంత పాడుతూ ఏళ్ళు గడిచాయి. అతను ఎవర్ని కొట్టినా మొదట వినేదాన్ని నేనే. చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తి అడ్డం పడ్డ రోజులున్నాయి, కూర్చున్నచోటి నుంచే తిట్టి ఊరుకున్న రోజులూ ఉన్నాయి.

దెబ్బలు అతనికి తండ్రి ఇచ్చిన ఆస్తి. ఫుమెసువాలో కమ్మరి ఇంట్లో పుట్టాడు. ఆ తండ్రి ఇనుముకీ కొడుక్కీ తేడా చూసేవాడు కాదట. తిత్తి లాగడం ఆగిందంటే చేతిలో ఏ పటకారు ఉంటే దానితోనే వీపు మీద ఒక్కటి. అప్రాకు చొక్కా విప్పినప్పుడల్లా ఆ మచ్చ కనిపించేది. "మా నాన్న చేసిన సంతకం ఇది, పోమా అక్కా, ఎంత రుద్దినా పోదు" అని నవ్వేవాడు. నాకు ఆ నవ్వు చూస్తే భయం వేసేది. దెబ్బ తిని ఏడ్చేవాడిని ఓదార్చవచ్చు, నవ్వేవాడిని ఏం చేస్తాం?

ఇనుముతో అతనికి ఏ పేచీ లేదు. ఇనుము లోపల ఏముంటే బయటికి అదే చూపిస్తుంది. కాలితే ఎర్రబడుతుంది, ఇంకా కాలితే పసుపెక్కుతుంది, ఎప్పుడు కొట్టాలో అదే చెబుతుంది. లారీల కమాను కట్టలు వంచడంలో మ్యాగజైన్ మొత్తం మీద అతనికి సాటి లేడు. అయితే ఓడల్లో పాత కార్లు దిగడం మొదలయ్యాక, వాటితో పాటు అల్యూమినియం రిమ్ములు వచ్చాయి. మా రోడ్ల గుంతల్లో పడి ఒకటీ ఒకటీ సొట్టలు పోయి అతని గుమ్మం ముందు చేరాయి.

మొదటి రిమ్ముని ఇనుముని పెట్టినట్టే బొగ్గుల మీద పెట్టి, ఎర్రబడేదాకా ఆగుదామని కూర్చున్నాడు. కమ్మరి బిడ్డ తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది. అల్యూమినియం ఎర్రబడదు. లోపల నీరైపోతున్నా పైకి ఏమీ ఎరగనట్టు తెల్లగానే ఉంటుంది. ఎంతకీ రంగు మారలేదని విసుగొచ్చి పటకారుతో ఎత్తాడు. అంచు ముద్దగా జారి అతని పాదం మీద పడింది. కేక నా కొట్టు దాటి మసీదు దాకా వినిపించింది. రెండు వేళ్ళు పోయాయి.

ఆ నొప్పిలో మనిషన్నవాడు నీళ్ళ కోసం వెతుక్కుంటాడు. అప్రాకు కుంటుకుంటూ పోయి సమ్మెట తెచ్చాడు. మిగిలిన రిమ్ముని, పగవాడి తల దొరికినట్టు, బలం కొద్దీ కొట్టాడు. మితిమీరి కాగిన లోహం కదా, ఎండిన మట్టిబెడ్డలా పొడిపొడిగా రాలింది. ఒక ముక్క ఎగిరి అతని భార్య తావియా చెంప చీల్చుకుంటూ పోయింది.

తావియా ఆ రోజు వెళ్ళిపోలేదు. ఆ తర్వాత ఎప్పుడో సూపులో ఉప్పు ఎక్కువైందని ఆమె తలను గోడకేసి కొట్టిన రోజున వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఆ సూపు కుండనే అతని మెడ మీద గుమ్మరించింది. మంచి పని చేసింది, అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. పిల్లల్ని వెంటబెట్టుకుని తన మేనమామ ఇంటికి పోయింది. మా అసాంతేల్లో పిల్లలు తల్లి వైపు వాళ్ళే కనుక వాళ్ళ కోసం వెళ్ళి అడగడానికి అతనికి మొహమూ లేదు, హక్కూ లేదు.

ఇంట్లో ఎవరూ లేకపోయాక అతని పౌరుషమంతా అల్యూమినియం మీదకి మళ్ళింది. దాని గుట్టు పట్టేదాకా నిద్రపోనన్నట్టు ఎన్ని పాత రిమ్ములు నాశనం చేశాడో. చల్లగా ఉండగా కొడితే పగులుతుంది. మరీ వేడెక్కాక కొడితే పొడైపోతుంది. మధ్యలో కాస్త జాగా ఉంది, అది కంటికి కనిపించదు. ఆ జాగా బట్టల సబ్బుతో దొరికింది అతనికి. నా సబ్బు ముక్కలు మాయమవుతుంటే ఎలకలనుకున్నాను. రిమ్ము మీద సబ్బుతో గీత గీస్తాడు, కింద మంట చూపిస్తాడు. తెల్ల గీత కాఫీ రంగుకి తిరిగి, నల్లబడబోతుందనగా మంట తీసేస్తాడు. ఇక అప్పుడు కూడా కొట్టడు. చెక్కదిమ్మ ఆనించి జాకీతో కొంచెం కొంచెంగా నొక్కుతాడు. కాగిన అల్యూమినియాన్ని తొందరపెడితే చీలుతుంది, నింపాదిగా నొక్కితే చెప్పినట్టు వింటుంది. భార్య దగ్గర గడియసేపు లేని ఓపిక ఆ రిమ్ము దగ్గర పూటంతా ఉండేది. అది చూసినప్పుడల్లా నాకు తావియా చెంప గుర్తొచ్చి కడుపు మండేది.

ఆ పనిలో అతనికి ఒకే ఒక్క చాదస్తం. ఒకసారి కాల్చిన రిమ్ముని మళ్ళీ కాల్చకూడదు. కాలినచోట లోహం బిరుసు పోయి మెత్తబడి ఉంటుంది. రెండోసారి కాల్చి సరిచేస్తే పైకి గుండ్రంగానే తిరుగుతుంది, లోపల మాత్రం పుచ్చు. అందుకని తాను సరిచేసిన ప్రతి రిమ్ముకీ లోపలి వైపు ఉలితో ఒక గాటు పెట్టేవాడు. గాటున్న రిమ్ము మళ్ళీ వచ్చిందా, మారుమాట లేదు, సొంతదారు ముందే సమ్మెటతో పగలగొట్టి కరిగించి కుండలు పోతపోసే వాళ్ళ కుప్పలో పారేసేవాడు. ఒక పాస్టరు గారి రిమ్ముని కూడా అలాగే చితక్కొట్టాడు.

"నిన్ను దేవుడు చూస్తున్నాడు అప్రాకూ!" అని ఆ పాస్టరు ఎగిరిపడ్డాడు.

"చూడనీండి. మీ బండి కొండ దిగేటప్పుడు కూడా ఆయన్నే చూడమనండి" అన్నాడు అప్రాకు.

అలాంటి రోజుల్లో అతని చెల్లెలు న్యార్కో తన కొడుకు జాసిని తీసుకొచ్చి అప్పజెప్పింది. మీసం వచ్చిన కుర్రాడు, అంతకుముందు ట్రోట్రో వ్యాన్లలో కేకలేసి జనాన్ని ఎక్కించేవాడు. మేనమామ తర్వాత ఆ కొలిమి మేనల్లుడిదే కదా, ఎవరూ రాసి ఇవ్వనక్కర్లేదు. అప్రాకు వాడిని కొట్టలేదా అంటే కొట్టాడు. కానీ పని కూడా నేర్పాడు. జాసి చెయ్యి మంచిది. నోరు ఇంకా మంచిది. "మా మావయ్య నన్ను కూడా సబ్బు రాసి కొడతాడక్కా, అందుకే పగలలేదు" అని నా దగ్గర ఫుఫు మింగుతూ అనేవాడు. విని మామ కూడా మూతి తిప్పుకుని నవ్వేవాడు.

ఒక శనివారం జరిగిందది. శనివారమంటే మా దగ్గర ఊరంతా ఎవరో ఒకరి చావు కర్మకి పోయే రోజు. అప్రాకు చావులకి కట్టే ఎర్రబట్ట కట్టుకుని ఫుమెసువా వెళ్ళాడు. కొలిమి దగ్గర జాసి ఒక్కడే ఉన్నాడు. వాడి పాత స్నేహితుడు తాచీ ట్రోట్రో నడుపుతాడు. చావులకి వెళ్ళే జనం ట్రోట్రో స్టేషనులో కిక్కిరిసి ఉంటే, బండి ముందు రిమ్ము వంకరపోయి కూర్చుంది. దాన్ని దొర్లించుకుంటూ వచ్చాడు. జాసి తిప్పి చూస్తే లోపల గాటుంది. కుదరదన్నాడు. ఆ తర్వాత మాటలు జాసి నాతో ఆసుపత్రి మంచం మీద చెప్పాడు.

"గాటే కదరా నీకు అడ్డం? ఆకురాయి లేదా మీ కొట్లో?" అన్నాడట తాచీ.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆకురాయితో గాటు అరగదీశారు. అదే చోట మళ్ళీ కాల్చారు, తొందర కొద్దీ సుత్తితోనే కొట్టారు. రిమ్ము చక్కగా తిరిగింది. తాచీ బండెక్కి ఈల వేసుకుంటూ పోయాడు.

మాంపాంగ్ కొండ దిగుతుంటే ఆ రిమ్ము విచ్చుకుంది. బండి పల్టీలు కొట్టింది. తాచీ చచ్చిపోయాడు, చావు ఇంటికని నల్లబట్టలు కట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు చచ్చిపోయారు.

సోమవారం పొద్దున నేను దుంపలు దంచుతున్నాను. స్టేషను వైపు నుంచి జనం అరుపులు వినిపించాయి. డ్రైవర్లు, వాళ్ళ కుర్రాళ్ళు, చేతుల్లో జాకీ రాడ్లు, చెక్కలు. ఒకడు పాత టైరు దొర్లించుకొస్తున్నాడు. ఇంకొకడి చేతిలో పెట్రోలు డబ్బా ఉంది. మ్యాగజైన్‌లో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ రెండూ ఒకచోట కనిపిస్తే అర్థమేమిటో చెప్పక్కర్లేదు. దొంగలని అనుమానించినవాళ్ళ మెడలో టైరు వేసి తగలబెట్టడం నేను చూశాను. ఆ వాసన తర్వాత నెల్లాళ్ళు నాకు మాంసం వండబుద్ధి కాలేదు.

ముందు నడుస్తున్నది చచ్చిపోయిన తాచీకి అన్న. నెరిసిన తల, లారీలు నడిపి నడిపి మోకాళ్ళు అరిగిన మనిషి. విరిగిన రిమ్ముని అప్రాకు కాళ్ళ దగ్గర విసిరేశాడు.

"ఇది ఎవడి పనిరా?"

అప్రాకు వంగి తీశాడు. విరిగిన అంచు మీద బొటనవేలు నడిపించాడు. గరుకుగా, నల్లగా, పంచదార రేణువుల్లా ఉంది. లోపలి వైపు తిప్పాడు. గాటు ఉండాల్సిన చోట ఆకురాయి రుద్దిన మెరుపు. అతను తలెత్తి జాసి వైపు చూశాడు. జాసి పెదాలు బూడిద రంగుకి తిరిగాయి.

"మాట్లాడవేంరా? నోట్లో ఫుఫు ఉందా?" అని ఒకడు అరిచాడు.

"ఇద్దర్నీ కాల్చెయ్యండ్రా, అడిగేదేంటి!" అన్నాడు టైరు వాడు.

"ఆగండి. ఇది నా పని కాదు. వీడిది" అన్నాడు అప్రాకు, జాసిని వేలెత్తి చూపిస్తూ.

మేనల్లుడిని అమ్మేశాడనుకున్నాను. "ఒరే ద్రోహీ! నీ చెల్లెలికి ఏ మొహం చూపిస్తావురా!" అని ఇక్కడి నుంచే అరిచాను. అతను నా వైపు తిరగలేదు. గుంపు కదలబోతుంటే అప్రాకు జాసికి అడ్డంగా వచ్చి నిలబడి, చేతులు చాచాడు.

"వీడు నా చెల్లెలి కొడుకు. నా రక్తం. మేనల్లుడి ఒంటి మీద మొదటి చెయ్యి మేనమామది. అసాంతే కడుపున పుట్టినోడెవడైనా కాదంటే ముందుకి రండి, వాడితో తేల్చుకుంటా."

గుంపు ఆగింది. అది మా వాళ్ళకి కాదనలేని మాట. తాచీ అన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

"సరే, కొట్టు. మేము చూస్తాం. ఉత్తుత్తి దెబ్బలు కొట్టావో, మీ ఇద్దరికీ ఒకటే టైరు."

అప్రాకు కొట్టడం మొదలుపెట్టాడు. మొదట అరచేత్తో, చెంపలు పగిలేటట్టు. జాసి కింద పడ్డాక కొలిమికి గాలి కొట్టే బ్లోయరు బెల్టు తీసుకున్నాడు. వీపు మీద చొక్కా చిరిగి, చర్మం చిరిగి, నెత్తురు బొగ్గుపొడిలో కలిసి నల్లగా పారింది. జాసి "అమ్మా" అని అరిచాడు, తర్వాత "మావయ్యా" అని అరిచాడు, ఆ తర్వాత అరవలేదు. బెల్టు తెగితే పటకారు అందుకున్నాడు. పక్కటెముకల మీద, తొడల మీద. నేను రోకలి పట్టుకుని గుంపులోకి చొచ్చుకుపోయాను. ఎవరో నన్ను నడుం పట్టుకుని ఆపారు. వాడి మణికట్టు కొరికాను, అయినా వదల్లేదు.

అప్పుడే నాకు ఒకటి కనిపించింది. తల మీద ఒక్క దెబ్బ లేదు. కడుపు మీద లేదు. ప్రతి దెబ్బకీ ముందు అప్రాకు కన్ను జాసి మొహం మీదకి పోయి వస్తోంది. మంట మీదున్న సబ్బు గీతని చూసేటప్పటి చూపు అది. నేను ఆపకూడదు, ఆపితే వాళ్ళు మొదలుపెడతారు అని తెలిసి, రోకలి కిందికి దించాను.

గుంపులో మొదట అరుపులున్నాయి. "ఇంకా వెయ్యి! మా తాచీకి ఒకటి! ఆ ఆడాళ్ళకి ఒకటి!" అన్నారు. పోను పోను ఆ గొంతులు తగ్గాయి. ఒక కుర్రాడు పక్కకి పోయి వాంతి చేసుకున్నాడు. పెట్రోలు డబ్బా ఎవరు కింద పెట్టారో, ఎప్పుడు పెట్టారో నేను చూడలేదు.

"చాలు పెద్దాయనా, చస్తాడు" అన్నాడు తాచీ అన్న. అప్రాకు చెయ్యి ఆగలేదు. తాచీ అన్నే వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు. "చాలన్నానా! మా తమ్ముడు ఎలాగూ తిరిగి రాడు. వదిలెయ్."

అప్రాకు పటకారు కింద పడేశాడు. టైరు వాడు టైరుని మురుగుకాల్వలోకి తన్నాడు. నేను దేవుడా అనుకున్నాను. గట్టెక్కింది, బతికాడు.

జాసి బోర్లా పడి ఉన్నాడు, కుడిచెయ్యి దాగలి మొద్దు మీదకి చాపి. అప్రాకు ఆయాసపడుతూ నిలబడ్డాడు. అతని కళ్ళు కింద పడి ఉన్న విరిగిన రిమ్ము మీదకి, ఆకురాయి మెరుపు మీదకి వెళ్ళాయి. వంగి సుత్తి తీశాడు. జాసి మోచేతి మీద ఒక్క దెబ్బ వేశాడు.

ఆ చప్పుడు నేను ఇక్కడ రాయను. కాల్చడానికొచ్చినవాళ్ళే వెనక్కి తిరిగి చూడకుండా పోయారు.

ఆసుపత్రికి న్యార్కో వచ్చింది. కొడుకుని చూసి, వరండాలో నిలబడ్డ అన్న మీదకి దూకి గోళ్ళతో మొహం రక్కింది, చెప్పు తీసుకుని కొట్టింది. అతను కదల్లేదు. నర్సులు విడదీశారు. కానీ రోజులు గడిచేకొద్దీ మ్యాగజైన్ నోరు మారింది. ఎవర్ని కదిపినా ఒకటే మాట. "అప్రాకు బుర్రే బుర్ర. తాను కొట్టి మేనల్లుడిని బతికించుకున్నాడు. లేకపోతే పిడికెడు బూడిద మిగిలేది." మొహం రక్కిన చెల్లెలు కూడా ఆ మాట నమ్మింది. నమ్మకపోతే ఆమెకి అన్న మిగలడు కదా పాపం. నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. అప్రాకు మాత్రం కొలిమి వెలిగించడం మానేసి, నా కొట్టు బల్ల మీద కూర్చుని, తిండి ముందు పెట్టినా ముట్టకుండా లేచిపోయేవాడు.

జాసి కట్లు విప్పారు. వీపు మానింది. పక్కటెముకలు అతుక్కున్నాయి. కుడిచెయ్యి మాత్రం మోచేతి దగ్గర మడిచి బిగుసుకుపోయింది, ముందుకీ రాదు, వెనక్కీ పోదు. ఆ చేత్తో ఇక సుత్తి ఎత్తలేడు.

ప్రాణం కాపాడినవాడికి మందు సీసా తీసుకెళ్ళి నలుగురిలో కృతజ్ఞత చెప్పడం మా ఆచారం. న్యార్కో తన ఇంటి వాకిట్లో పెద్దల్ని కూర్చోబెట్టింది. ఎదురు కొట్టుదాన్ని, కళ్ళారా చూసినదాన్ని కనుక నన్నూ పిలిచింది. ఒక ముసలాయన లేచి అప్రాకు తెలివిని పొగిడాడు. ఇంకొకాయన అతని గుండె ధైర్యాన్ని పొగిడాడు. జాసి సీసా పట్టుకుని మామ ముందు నిలబడ్డాడు.

అప్రాకు సీసా అందుకోలేదు.

"ఆగండి. నేనొకటి చెప్పాలి" అన్నాడు. దగ్గి మళ్ళీ మొదలుపెట్టాడు. "కొట్టింది వీడిని బతికించడానికే. అది నిజం. కానీ వాళ్ళు చాలన్నారు. నేను విన్నాను. విన్నాక ఇంకోటి కొట్టాను. అది వీడి కోసం కాదు."

"పోనీలేరా, ఆ వేడిలో ఏదో..." అన్నాడు ముసలాయన.

"వేడీ లేదు గీడీ లేదు పెదనాన్నా. చూసే కొట్టాను. నా గాటు అరగదీశాడని కొట్టాను. చచ్చిపోయిన ఆడవాళ్ళు నాకు ఆ క్షణంలో గుర్తే లేరు. నా గాటు! అంతే."

న్యార్కో తన కొడుకు చేతినీ, అన్న మొహాన్నీ మార్చి మార్చి చూసింది. నాకు అతని గొంతు నులమాలనిపించింది, అదే సమయంలో ఏడుపూ వచ్చింది. చెప్పకుండా ఉంటే అందరూ హాయిగా తాగి ఇళ్ళకి పోయేవాళ్ళు కదా అనిపించింది.

జాసి మాత్రం అదరలేదు.

"తెలుసు మావయ్యా. మిగతావన్నీ చూసి చూసి పడ్డాయి. అది అలా పడలేదు. నీ దగ్గర పని నేర్చుకున్నోడిని, ఆ మాత్రం తెలీదా నాకు?"

అప్రాకు తల దించుకున్నాడు.

"ఈ సీసా నన్ను బతికించినందుకు. తీసుకో. ముగ్గురు నా వల్ల చచ్చారు, నేను బతికే ఉన్నా. దానికి తెచ్చాను. చేతి సంగతి దీంట్లో లేదు. అది నీకూ నాకూ మధ్య ఉంది, ఉంటుంది."

అలా అంటూ సీసాని ముందుకి చాచాడు, ఎడమచేత్తో. పెద్దలకి ఎడమచేత్తో ఏదైనా ఇవ్వాల్సి వస్తే "ఎడమచెయ్యి, తప్పు పట్టకండి" అని మా దగ్గర పసిపిల్ల కూడా అంటుంది. వాకిలంతా ఆ మాట కోసం ఎదురుచూసింది. జాసి అనలేదు. మామ కళ్ళలోకి చూస్తూ అలాగే నిలబడ్డాడు. అప్రాకు కుర్చీ దిగి, అందరి ముందూ నేల మీద మోకాళ్ళు ఆనించి, రెండు చేతులూ చాచి ఆ సీసా అందుకున్నాడు.